చలికాలంలో ఇద్దరే అరకు, వంజంగి వెళ్ళాలంటే ప్లాన్ ఇలా వేసుకోండి

డిసెంబర్ వచ్చిందంటే చాలు అరకు ఎలా వెళ్ళాలి అని అడిగేవాళ్ళు మొదలైపోతారు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర దింపేసి నాలుగు రోజులు ఎటైనా పోదాం అనుకునేవాళ్ళు, రిటైరయ్యాక ఇప్పటికి తీరిక దొరికినవాళ్ళు, అందరూ అడుగుతారు. ఎవరికైనా నేను ముందు చెప్పేది ఒక్కటే, పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేసే వన్ డే టూర్ మాత్రం జంటలకి వద్దు. వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు, ఎస్.కోట దాటాక అంతా ఘాట్ రోడ్డే, అంటే రోజులో చాలా భాగం బండిలోనే పోతుంది, మిగిలింది టికెట్ లైన్లలో పోతుంది. అసలు ఆ కొండల్లో బాగుండేది రెండు టైముల్లో, తెల్లారకముందు ఇంకా చీకటి పడ్డాక, వన్ డే టూర్ వాళ్ళకి ఆ రెండూ దొరకవు. అందుకే కనీసం రెండు రాత్రులు కొండ మీద పడుకునేలా ప్లాన్ వేసుకోండి, కుదిరితే మూడు.

ముందు డేట్లు. క్రిస్మస్ నుంచి జనవరి ఫస్ట్ దాకా, మళ్ళీ సంక్రాంతి సెలవులప్పుడు, ఇంకా శని ఆదివారాలు అక్కడ జనం విపరీతం, ఘాట్ మీద కార్లు బారులు తీరి ఉంటాయి, రూం రేట్లు కూడా బాగా పెంచేస్తారు. డిసెంబర్ మొదటి రెండు వారాల్లో గానీ సంక్రాంతి అయ్యాక జనవరి చివర్లో గానీ సోమవారం నుంచి గురువారం మధ్యలో వెళ్ళండి, చలి అప్పుడూ ఉంటుంది, చుట్టూ జనం మాత్రం ఉండరు. మీ ఇద్దరిలో ఎవరికి లీవు దొరకడం కష్టమో వాళ్ళ డేట్లు ముందు ఫిక్స్ చేసి మిగతావి దాని చుట్టూ సర్దుకోవడం మంచిది. ఇంకోటి, నవంబర్ డిసెంబర్‌లో బంగాళాఖాతంలో అల్పపీడనం ఏదైనా పడితే మబ్బు కమ్మేసి వాన పడుతుంది, అప్పుడు చలీ సరిగ్గా ఉండదు, సూర్యోదయమూ కనపడదు. బయల్దేరేముందు వాతావరణ శాఖ వాళ్ళ సమాచారం ఒకసారి చూసుకోండి, క్యాన్సిల్ చేసుకునే వీలున్న రూమే బుక్ చేసుకోండి.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి సికింద్రాబాద్ విశాఖ వందే భారత్ 2023 జనవరి నుంచి నడుస్తోంది, సాయంత్రం బయల్దేరి పొద్దున దింపే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎలాగూ ఉంది. ఇప్పుడు ట్రైన్ రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఆ రోజే చేసేసుకోవాలి. రాత్రి ట్రైన్ దిగి అదే పొద్దున అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ ట్రైన్ పట్టుకుందాం అని మాత్రం అనుకోకండి, అది విశాఖలో ఏడు లోపే కదులుతుంది, మీ బండి కాస్త లేటైతే ఆ రోజు ప్లానంతా పోతుంది. ముందు రోజే వచ్చి స్టేషన్ దగ్గర్లో రూం తీసుకుని, సాయంత్రం బీచ్ రోడ్డులో నాలుగడుగులు నడిచి, తొందరగా పడుకోండి.

ఆ కిరండూల్ ట్రైన్ మాత్రం మిస్ అవ్వొద్దు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తేవడానికి 1960ల్లో వేసిన లైను అది, కొండని తొలిచి వేసిన సొరంగాలు యాభైకి పైనే ఉన్నాయి, ఎస్.కోట దాటాక ఒక సొరంగంలోంచి బయటికొచ్చి లోయ చూసేలోపే ఇంకోటి వచ్చేస్తుంది. 2017 నుంచి దానికి అద్దాల విస్టాడోమ్ బోగీ కూడా వేస్తున్నారు, పైకప్పు కూడా అద్దమే, సీట్లు చుట్టూ తిరుగుతాయి కాబట్టి కిటికీ కోసం, కుడివైపా ఎడమవైపా అని కొట్టుకోనక్కర్లేదు. సీట్లు తక్కువ, తెరిచిన రోజే అయిపోతుంటాయి. దొరక్కపోతే మామూలు బోగీలో వెళ్ళండి, నిజానికి కిటికీ తీసుకుని చల్లగాలి మొహానికి తగులుతూ వెళ్ళడం నాకైతే అదే ఎక్కువ ఇష్టం, ఏసీ అద్దాల్లో ఆ గాలి రాదు. టిఫిన్ మాత్రం విశాఖలోనే కట్టించుకుని ఎక్కండి.

చాలామంది నేరుగా అరకులో దిగుతారు. మీరు బొర్రా గుహలు స్టేషన్‌లో దిగండి, సామాను వేసుకుని మీ క్యాబ్ రోడ్డు మీదుగా అక్కడికి వచ్చేలా ముందే మాట్లాడుకోండి, దీనికి కాస్త ఖర్చు ఎక్కువైనా బొర్రాకి మళ్ళీ వెనక్కి రావాల్సిన పని ఉండదు. గుహలో మెట్లు తడిగా జారుతుంటాయి, పట్టు ఉండే బూట్లే వేసుకోండి, ఫొటోల కోసం కొత్త చీర, హీల్స్ వేసుకొచ్చి మెట్ల దగ్గర అవస్థ పడేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. లోపల నీటి బొట్లతో వేల ఏళ్ళుగా పేరుకున్న సున్నపురాయి స్తంభాలు, వాటిలో ఒకదాన్ని శివలింగంగా పూజిస్తారు. ఈ గుహల దగ్గర పారే గోస్తనీ నదే కిందికి దిగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది, దీన్ని గుర్తుపెట్టుకోండి, తిరుగు ప్రయాణంలో పనికొస్తుంది.

బొర్రా నుంచి అరకు దాకా తొందర పడకండి. గాలికొండ వ్యూ పాయింట్, దారి పొడుగునా కాఫీ తోటలు, పైన ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. చలికాలంలో వెళ్తే తెల్లటి కాఫీ పూలు కనపడవు, అవి ఎండాకాలం మొదట్లో పూస్తాయి, ఇప్పుడైతే ఎర్రగా పండిన కాయలు కోస్తుంటారు. తోటలోకి దిగాలంటే అక్కడున్నవాళ్ళని అడిగి దిగండి, అది ఎవరిదో ఒకరి పంట కదా, ఫొటో కోసం కొమ్మలు వంచి కాయలు రాల్చేయడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

దారిలోనే బొంగు చికెన్ పొగ వాసన తగులుతుంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన చికెన్ కూరి, మూతి ఆకుతో మూసి, నిప్పుల మీద కాలుస్తారు, నూనె వెయ్యరు. అప్పటికప్పుడు కాల్చి ఇమ్మని అడగండి, ముప్పావు గంట దాకా పట్టొచ్చు, ఆ టైములో నిప్పుల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకోండి. ముందే కాల్చి పెట్టేసి మళ్ళీ వేడి చేసిచ్చేది మాత్రం తీసుకోవద్దు. ఇద్దరికీ అరకిలో సరిపోతుంది.

రూం విషయంలో కాస్త జాగ్రత్త పడాలి. అరకు మెయిన్ రోడ్డు మీద, వీకెండ్‌లో అయితే మరీనూ, రిసార్టుల్లో క్యాంప్ ఫైర్ అని చెప్పి అర్ధరాత్రి దాకా డీజే పెడతారు, ఇద్దరే ప్రశాంతంగా ఉందామని వచ్చినవాళ్ళకి అది నరకం. బుక్ చేసేముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి, డీజే ఉందా, పొద్దున వేడినీళ్ళు ఎన్నింటి నుంచి వస్తాయి, అదనంగా రగ్గులు ఇస్తారా. హీటర్లు చాలాచోట్ల ఉండవు. టూరిజం వాళ్ళ హరిత రిసార్టులు అరకులో, అనంతగిరిలో ఉన్నాయి, టైడాలో జంగిల్ బెల్స్ ఉంది, మరీ లగ్జరీ కాదు గానీ చోటు బాగుంటుంది, చెట్ల మధ్య ఉంటాయి. ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి. పెళ్ళి కాని జంటలైతే, మేజర్లు కలిసి ఉండటం నేరమేమీ కాదు గానీ కొన్ని లాడ్జిల వాళ్ళు రూం ఇవ్వరు, రాత్రిపూట కొండ మీద ఆ మాట వినడం కంటే ముందే ఫోన్‌లో అడిగి కన్ఫర్మ్ చేసుకోవడం నయం.

రెండో రోజు అరకు నుంచి పాడేరు వైపు వెళ్ళండి, 45 కిలోమీటర్ల చిల్లర. నవంబర్, డిసెంబర్ మొదట్లో వెళ్తే ఈ దారిలో వలిసె అనే నూనెగింజల చేలు పూసి ఉంటాయి, కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. చాపరాయి దగ్గర ఏరు వెడల్పాటి బండ మీద జారుతూ పారుతుంది, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఓ గంట కూర్చోవచ్చు, పాచి పట్టిన చోట మాత్రం నిలబడొద్దు. ఇంక ఆ రోజుకి వేరే ఏ పాయింటూ పెట్టుకోకండి. మధ్యాహ్నం పాడేరు చేరి, భోంచేసి, పడుకోండి. ట్రిప్పుకొచ్చి పగలు నిద్రేంటి అంటారేమో, మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, ఇద్దరికీ నిద్ర చాలకపోతే కొండెక్కేటప్పుడు మాటా మాటా అనుకోవడమే మిగులుతుంది.

వంజంగి కొండ పాడేరుకి దగ్గర్లోనే ఉంది. రాత్రి గాలి లేకుండా ఆకాశం తేటగా ఉంటే చల్లబడ్డ గాలి లోయలోకి దిగిపోయి అక్కడి తేమంతా మంచుగా మారుతుంది, మనం దానికి పైన నిలబడతాం కాబట్టి కింద తెల్లగా పాలసముద్రం లాగా, మధ్యలో కొండ శిఖరాలు దీవుల్లాగా కనిపిస్తాయి. ఎండ ఎక్కేకొద్దీ అది విడిపోతుంది, ఎనిమిది తొమ్మిదింటికల్లా మామూలు లోయే ఉంటుంది. ఆ సీజన్‌లో సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో వస్తాడు, కానీ అంతకుముందు అరగంట తూర్పున వచ్చే రంగులే అసలైన అందం, కాబట్టి ఐదున్నరకల్లా పైన ఉండేలా బయల్దేరండి. కారు చివరిదాకా వెళ్ళదు, నడవాలి, దారి మట్టీ రాళ్ళూ, ఫోన్ లైట్ చాలదు, ఒక చిన్న టార్చి ఉంచుకోండి. ఎక్కుతుంటే చెమట పడుతుంది, పైకెళ్ళి ఆగగానే చలి కొరికేస్తుంది, అందుకే ఒకటే లావుపాటి జాకెట్ కంటే రెండు మూడు పొరలు వేసుకుని తీస్తూ వేస్తూ ఉండటం మంచిది. మంకీ క్యాప్, సాక్సులు, ఫ్లాస్కులో టీ తప్పకుండా. ఒక్క మాట వినండి, సూర్యుడు వచ్చే ఆ పది నిమిషాలు ఫోన్లు లోపల పెట్టేయండి, ఫొటోలు తర్వాత ఎన్నైనా తీసుకోవచ్చు, మంచు ఇంకో గంట అక్కడే ఉంటుంది. ఒక్కోరోజు మంచు అసలు రాదు కూడా, దానికి సిద్ధపడే వెళ్ళండి.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, గర్భిణులు వంజంగి పెట్టుకోవద్దు. వాళ్ళకి లంబసింగి వైపు వెళ్ళడం మంచిది, పాడేరు నుంచి చింతపల్లి మీదుగా రావొచ్చు, విశాఖ నుంచి నేరుగా అయితే నర్సీపట్నం మీదుగా వస్తారు. లంబసింగిలో అరకు కంటే చలెక్కువ, డిసెంబర్ జనవరిల్లో కొన్ని రాత్రులు 5 డిగ్రీల కిందికి కూడా పోతుంది. పక్కనే తాజంగి రిజర్వాయర్ ఉంది, కారు నీళ్ళ దగ్గరదాకా వెళ్తుంది, తెల్లారుజామున నీళ్ళ మీంచి లేచే పొగమంచు కూర్చున్న చోటనుంచే చూడొచ్చు. జనవరి నుంచి స్ట్రాబెర్రీ తోటల్లో కాయలు అమ్ముతారు. టెంట్లలో పడుకోవడం సరదాగా ఉంటుంది అంటారు గానీ మంచుకి టెంటు తడిసి కింది నుంచి చలి ఎక్కేస్తుంది, బాత్రూం దూరంగా ఉంటుంది, చలికి అలవాటు లేనివాళ్ళు రూమే తీసుకోండి.

క్యాబ్ మాట్లాడేటప్పుడు ఘాట్ రోడ్డు అలవాటున్న డ్రైవర్ కావాలని గట్టిగా చెప్పండి, రాత్రి పూట మంచులో ఘాట్ ఎక్కడం దిగడం చెయ్యొద్దు, సాయంత్రం ఐదుకల్లా ఎక్కడుండాలో అక్కడ ఉండండి. డ్రైవర్‌కి కూడా రాత్రి పడుకోడానికి ఒక గది, రగ్గు చూడండి, చాలామంది ఆయన్ని కార్లోనే పడుకోమంటారు, ఆ చలిలో నిద్రలేని మనిషి మర్నాడు మిమ్మల్ని ఘాట్ దింపాలి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అప్పుడు ఫోన్ పే కూడా పనిచెయ్యదు, చిల్లర నోట్లు ఉంచుకోండి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అది ఏజెన్సీ ఏరియా, మలేరియా భయం ఉంటుంది, సాయంత్రం కాళ్ళకీ చేతులకీ ఓడోమాస్ రాసుకోండి. గిరిజన ఆడవాళ్ళ ఫొటోలు అడక్కుండా తీయొద్దు, వాళ్ళ థింసా నృత్యం ఆడేవాళ్ళతో కలిసి అడుగులు వేయాలనిపిస్తే అడిగి కలవండి, సంతోషంగా కలుపుకుంటారు. తేనె, కాఫీ పొడి కొనాలంటే గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ షాపుల్లో కొనండి, చింతపల్లి వైపు రాజ్మా కూడా బాగుంటుంది.

చివరి రోజు కొండ దిగాక నేరుగా స్టేషన్‌కి వెళ్ళిపోకండి. మధ్యాహ్నానికి విశాఖ చేరితే భీమిలి బీచ్ రోడ్డు పట్టుకోండి, దారిలో తొట్లకొండ బౌద్ధ స్తూపాలు, భీమిలి దగ్గర్లో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి, ఆ దిబ్బలు జాతీయ స్థాయిలో గుర్తింపున్న భూగర్భ వారసత్వ ప్రదేశం, కాబట్టి అంచులు ఎక్కి మట్టి రాల్చకుండా చూసి రండి. ఆ తర్వాత మొదటి రోజు బొర్రాలో చూసిన గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి వెళ్ళండి. అక్కడ నీళ్ళలోకి లోతుగా దిగొద్దు, విశాఖ తీరంలో అలల కింద లాగుడు చాలా ఎక్కువ, పాదాలు తడుపుకుంటే చాలు. భీమిలి నుంచి స్టేషన్‌కి సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నర వేసుకుని బయల్దేరండి, ఆదివారమైతే ఇంకో అరగంట కలుపుకోండి.