క్రోయిసెంట్ అనేవాళ్ళ కోసం

మొన్న ఇందిరానగర్‌లో ఓ బేకరీలో "క్రోయిసెంట్ ఒకటి" అన్నా, కౌంటర్లో ఉన్నది అనంతపురం కుర్రాడే, "క్వాసాన్ కదా అన్నా" అని నవ్వాడు, అప్పట్నుంచి పట్టుకున్నా దీన్ని.

మెయిన్ ట్రిక్ ఏంటంటే ఫ్రెంచ్ నుంచొచ్చిన మాటల్లో చివరి టి, పి, ఎస్ చాలాసార్లు మింగెయ్యాలి. బఫెట్ కాదు బఫే, డెబట్ కాదు డేబ్యూ, డెబ్రిస్ కాదు డెబ్రీ, ఆఫీసులో రోజూ వాడే రపోర్ట్ (rapport, మనుషుల మధ్య సఖ్యత) కూడా రపోర్ అంతే. రెస్టారెంట్‌కి మాత్రం ఇది పెట్టకండి, ఇంగ్లీష్‌లో టి పలుకుతారు. అలాగే coup de grâce (ఆఖరి దెబ్బ) అనే మాటని అతి తెలివితో "కూ ద గ్రా" అనేవాళ్ళున్నారు, అది తప్పు, చివర్లో సి తర్వాత ఇ ఉంది కాబట్టి "గ్రాస్" అనాలి.

సిహెచ్ వస్తే ష: షెఫ్, షాంపేన్, షోఫర్. మరి చీఫ్ ఏంటంటారా, అదీ షెఫ్ కూడా ఒకే ఫ్రెంచ్ మాట, కాకపోతే చీఫ్ వందల ఏళ్ళ ముందే ఇంగ్లీష్‌లోకొచ్చి చ తోనే ఉండిపోయింది.

కష్టమైంది జాన్ర (genre), బేజ్ (beige)లో ఉండే జ. మనకి అక్షరమే లేదు. గొంతు మీద వేలు పెట్టి "ష్" అని లాగండి, నాలుక కదపకుండా గొంతు అదిరేలా చెయ్యండి, వచ్చేసింది.