నువ్వు కాయలో స్త్రీబీజ జన్యులోపాన్ని గుర్తించే విధానం

పాలమూరు, నల్లగొండ పొలాల్లో నువ్వు కాయ సగం బోలుగా ఉంటే ముందు ఎండనో నీటి ఎద్దడినో అనుమానిస్తాం, అది చాలాసార్లు నిజమే. అయినా కారణం జన్యులోపం కూడా కావచ్చు కనుక, విత్తనానికి ఉంచదలచిన మొక్కను ఇలా పరీక్షించడం మంచిది.

అండంలోని (తర్వాత గింజగా మారే భాగంలోని) మాతృకణం క్షయకరణ విభజనతో, అంటే జన్యువుల ప్రతులను సగానికి తగ్గించే విభజనతో, నాలుగు సిద్ధబీజాలనే కణాలను ఇస్తే, సాధారణంగా మూడు నశించి, మిగిలినది ఏడు కణాలు, ఎనిమిది కేంద్రకాలు గల పిండకోశంగా (స్త్రీబీజం ఉండే సంచిగా) ఎదుగుతుంది. ఆ కోశానికి ప్రతి జన్యువూ ఒక్క ప్రతిగానే అందుతుంది కనుక, దాని ఎదుగుదలకు అవసరమైన జన్యువు చెడితే కప్పిపుచ్చే రెండో ప్రతి ఉండదు. మొక్కలో ఒక ప్రతి మంచిది, ఒకటి చెడ్డది అయితే సగం పిండకోశాలకు చెడ్డదే అందుతుంది; ఫలదీకరణ తర్వాత ఏర్పడే పిండానికి మాత్రం రెండు ప్రతులుంటాయి కనుక, రెండూ చెడ్డవైన పావు వంతే దెబ్బతింటాయి.

పచ్చి కాయలను చీల్చి, భూతద్దంతో నిండు గింజలను, ముడుచుకుపోయిన అండాలను వేర్వేరుగా లెక్కించండి. ఒకటి రెండు కాయలతో తృప్తి పడవద్దు, కనీసం పది చూడాలి. సగం అండాలు అక్కడక్కడా ముడుచుకుంటే పిండకోశ లోపమనీ, పావు వంతు గింజలు చెడితే పిండ లోపమనీ మొదట అనుకోవచ్చు.

నిర్ధారణకు సంకరం (వేరే మొక్క పుప్పొడితో ఫలదీకరణ) చేయాలి: సాయంత్రం, మరునాడు విచ్చే మొగ్గ ఆకర్షణపత్రావళిని (పూరేకుల గొట్టాన్ని) మెల్లగా లాగితే కేసరాలు దానితోనే ఊడివస్తాయి, కీలాగ్రానికి (పుప్పొడిని అందుకునే కొనకు) కాగితపు గొట్టం తొడిగి, ఉదయాన్నే ఆరోగ్యవంతమైన మొక్క పుప్పొడిని అద్దండి. అప్పటికీ సగమే నిండితే లోపం తల్లివైపు పిండకోశానిది. అన్నీ నిండితే పిండ లోపమే. ఎండ ప్రభావం తేలడానికి పక్కనున్న మంచి మొక్క కాయలనూ అదే రోజు లెక్కించండి.