సెకండ్ హ్యాండ్ గిటార్ పికప్: అసలుదా, నకిలీదా?

గిటార్ తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది పికప్, అయస్కాంతం చుట్టూ సన్నని తీగ చుట్ట (కాయిల్). అది అసలుదో నకిలీదో లేబుల్ చూసి తేల్చేయకండి. స్టిక్కర్ అచ్చేయడమంత సులువు పని ఇంకోటి లేదు. రెసిస్టెన్స్ అంకె కలపడం కూడా పెద్ద కష్టమేం కాదు, ఇంకాస్త తీగ చుడితే సరి. నకిలీ ఎక్కువగా దొరికిపోయేది అడుగు వైపు. డిజిటల్ మల్టీమీటర్, చిన్న ఉక్కు స్క్రూడ్రైవర్ ఉంటే చాలు.

మీటర్ అంకె తేడాగా ఉంది

సీమోర్ డంకన్ కంపెనీ పికప్ జేబీ (ఎస్‌హెచ్-4) సంగతి చూద్దాం. దీని రెసిస్టెన్స్ 16.5 కిలో ఓమ్‌ల చుట్టూ ఉంటుంది. దాంతో జతగా గిటార్ మెడ వైపు వేసే జాజ్ నెక్ పికప్‌ది 7.7 దగ్గర. జేబీ అని కొన్నది 8 చూపిస్తే వెంటనే నకిలీ అనేయకండి, ముందు ఇవి చూడండి:

- జాక్ (గిటార్‌కు కేబుల్ గుచ్చే చోటు) దగ్గర కొలుస్తుంటే వాల్యూమ్ పూర్తిగా పెంచి ఉండాలి. 500కె పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే 500 కిలో ఓమ్‌ల భాగం) కూడా లెక్కలోకి వస్తుంది కనుక 16.5 కాస్తా 16కి దిగుతుంది. సెలెక్టర్ (పికప్ ఎంచుకునే స్విచ్) మధ్యలో ఉంటే రెండు పికప్‌లూ కలిసి 5.2 దగ్గర చూపిస్తాయి.
- పుష్-పుల్ నాబ్ పైకి లాగి ఉంటే జేబీలోని రెండు కాయిల్స్‌లో పలికేది ఒక్కటే. సగం అంకె అందుకే.
- ఎండ. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 16.5 చూపిన కాయిల్, మే నెలలో విజయవాడలో ఏసీ లేని 38 డిగ్రీల గదిలో 17.7 దగ్గర చూపిస్తుంది.
- అంకే రాకపోతే కాయిల్ తెగింది. అసలు పికప్‌లు కూడా చచ్చిపోతాయి.

ఇవన్నీ సరిచూశాక కూడా 8 దగ్గరే ఆగితే లేబుల్ అబద్ధం.

వైర్ల రంగులు కుదరడం లేదు

నాలుగు వైర్ల డంకన్‌లో నలుపు-తెలుపు ఒక కాయిల్, ఎరుపు-ఆకుపచ్చ ఇంకో కాయిల్. తెలుపు, ఎరుపు కలిపి టంకం వేస్తారు. నలుపు సిగ్నల్, ఆకుపచ్చ తొడుగులేని తీగతో కలిసి గ్రౌండ్. జేబీలో ఒక్కో జత 8 పైచిలుకు చూపాలి. ఇంకో కంపెనీ డిమార్జియో పికప్‌లోనైతే ఎరుపు సిగ్నల్, నలుపు-తెలుపు కలిపి ఉంటాయి. డంకన్ స్టిక్కర్ కింద నలుపు-తెలుపు మధ్య సున్నా వస్తే అనుమానించాల్సిందే. అయితే వాడిన పికప్‌కు ఎవరో కేబుల్ మార్చి ఉండొచ్చు. కాయిల్ టేపు అంచు దగ్గర కొత్త టంకం ఉందేమో చూడండి.

రంగులు నమ్మి కలిపితే సెలెక్టర్ మధ్యలో శబ్దం పలచగా, ముక్కుతో పాడినట్టు వస్తుంది. ఫేజ్ తిరగబడిందన్నమాట, అంటే రెండు పికప్‌ల సిగ్నళ్లు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. మీటర్ ఎర్ర ముల్లు సిగ్నల్‌కి, నల్లది గ్రౌండ్‌కి పెట్టి, స్క్రూడ్రైవర్‌ను పోల్స్ (పికప్ పైన కనిపించే లోహపు చివర్లు) మీద ఆనించండి. అంకె క్షణంపాటు పైకో కిందికో ఎగురుతుంది. రెండో పికప్‌లో ఎదురు దిశలో ఎగిరితే, ఒకదాని సిగ్నల్, గ్రౌండ్ వైర్లు తారుమారు చేయండి. తొడుగులేని తీగ మాత్రం గ్రౌండ్‌లోనే ఉండాలి.

ఈఎంజీ 81 అన్నారు, బ్యాటరీ తీసినా మోగుతోంది

81 యాక్టివ్ పికప్. లోపలి ప్రీయాంప్‌కి (సిగ్నల్ పెంచే సర్క్యూట్) 9 వోల్టుల బ్యాటరీ కావాలి, కాబట్టి ఇక్కడ ఓమ్‌ల అంకెతో పని లేదు. మోగుతుండగా బ్యాటరీ క్లిప్ విప్పండి. కాసేపట్లో గొంతు ఆగిపోవాలి. ఆగకపోతే నల్ల డబ్బాలో ఉన్నది బ్యాటరీ అక్కర్లేని మామూలు పాసివ్ కాయిల్. అదే కంపెనీ హెచ్‌జెడ్ వరుస నిజంగానే పాసివ్, అది వేరే సంగతి. 81 అని రాసి ఉండి ఇలా మోగితే నకిలీ.

పాసివ్ కాయిల్‌ను 81 కోసం పెట్టిన 25కె పాట్లకు కలిపితే దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. 500కె పాట్లు వేసి, బ్యాటరీ క్లిప్ తీసేయండి. చాలాసార్లు పనికొచ్చే పికప్పే అవుతుంది, పేరుకు తగ్గ ధర మాత్రం చేయదు.

స్ట్రాట్ పికప్ అడుగున పట్టీ ఉంది

ఫెండర్ కంపెనీ స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) గిటార్లకు వేసే టెక్సస్ స్పెషల్ పికప్‌లో ఆరు ఆల్నికో 5 కడ్డీలు, ఒక్కోటీ అయస్కాంతమే. తిప్పి చూస్తే ఫైబర్ పలకలో ఆరు గుండ్రటి చివర్లు కనిపించాలి. వాటిని కప్పేస్తూ సిరామిక్ అయస్కాంతపు పట్టీ అంటించి ఉంటే పైనున్నవి ఉత్త ఉక్కు ముక్కలు, అది టెక్సస్ స్పెషల్ కాదు. ఫెండర్‌దే కాదని మాత్రం అనలేం: పాత మెక్సికో స్టాండర్డ్ స్ట్రాట్లలో ఇలాంటి పట్టీలు ఫ్యాక్టరీలోనే వేశారు.

యాంప్‌లో గెయిన్ పెంచితే కీచుమంటోంది

కాయిల్‌కు మైనం పట్టించలేదు. ఇది నకిలీకి రుజువు కాదు, 1950ల గిబ్సన్ పీఏఎఫ్ పికప్‌లకూ మైనం లేదు. 80 పాళ్లు పారఫిన్, 20 పాళ్లు తేనె మైనం కలిపి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 65 డిగ్రీల దగ్గర కరిగించి, పికప్‌ను 15-20 నిమిషాలు ముంచండి. వేడి బాగా పెరిగితే బాబిన్లు (తీగ చుట్టిన చట్రాలు) వంకరపోతాయి. మైనాన్ని నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది.

డబ్బు వెనక్కి అడగాలనుకుంటే మైనం ముంచకముందే, టంకం కదపకముందే ఫొటో తీయండి: అడుగు భాగం, స్టిక్కర్, ముళ్లు పెట్టిన మీటర్ అంకె, మూడూ ఒకే ఫొటోలో.