చీమ ఎర కనబడకపోతే ముందు మిడతను కట్టండి

వేసవిలో నదిలో ఫ్లై ఫిషింగ్ (పురుగుల్లా కనిపించే తేలికపాటి కృత్రిమ ఎరలతో చేపలు పట్టడం) చేసేటప్పుడు నల్ల చీమ ఎర నీటి మీద అస్సలు కనబడదు. చేప అందుకున్నదీ తెలియదు, వదిలేసిందీ తెలియదు. ఎన్ని చేపలు అలా చేజారాయో!

ఇప్పుడు ముందు, నీటి మీద తేలుతూ కనబడే 10వ సైజు కొక్కెం ఉన్న ఫోము మిడత ఎరను కడుతున్నాను. దాని కొక్కెం వంపుకు 45 సెంటీమీటర్ల సన్నని నైలాన్ దారం ముడివేసి, చివర 16వ సైజు చీమను కడతాను. గడ్డి వంగిన గట్టుకు జానెడు దూరంలో పడేలా విసరాలి. కళ్లు మిడత మీదే ఉంచండి. అది ఆగినా, మునిగినా, దానికి అరమీటరు లోపల నీరు కదిలినా కర్రను మెల్లగా ఎత్తండి. మిడతనే మింగే చేపలూ ఉంటాయి, అదొక ఆనందం.

ఈదురుగాలిలో మాత్రం రెండు దారాలూ చిక్కుపడతాయి. నిశ్చలంగా, లోతు తక్కువగా ఉన్న తేట నీటిలోనైతే మిడత పడిన చప్పుడుకే చేపలు బెదిరిపోతాయి. అక్కడ చీమ ఒక్కటే చాలు.