నెలసరి నొప్పి, హార్మోన్లు: దేని కోసం వెతకాలి, ఎలా చదవాలి

నెలసరి నొప్పి గురించి చదవడానికి కూర్చునే ముందు కనీసం మూడు నెలల పాటు ఆ నొప్పిని ఒక నోటుపుస్తకంలో గంటలతో సహా రాసుకోవాలి. "తెల్లవారుజామున 5కు నొప్పి, 6కు రక్తస్రావం, 7కు వాంతి, 8కు మాత్ర, 9కి సగం తగ్గింది" అన్నంత వివరం చాలు. చదవబోయే విషయమంతా ఈ గంటలతోనే ముడిపడి ఉంటుంది.

మొదట వెతకవలసిన మాట ప్రోస్టాగ్లాండిన్లు. అండం విడుదలైనా గర్భం నిలవని నెలలో, అప్పటిదాకా పెరిగి ఉన్న ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోతుంది. దాంతో గర్భసంచి లోపలి పొరలో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం వెలువడి, కాక్స్ అనే ఎంజైము వల్ల ప్రోస్టాగ్లాండిన్లుగా మారుతుంది. ఇవి కండరాన్ని గట్టిగా బిగించి, రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తాయి కనుక అక్కడికి ప్రాణవాయువు చాలినంత అందక నొప్పి పుడుతుంది. వాంతులూ విరేచనాలూ చాలావరకు వీటివల్లే. రజస్వల అయిన తొలి నెలల్లో చాలామంది పిల్లలకు నొప్పి తెలియకపోవడానికి కారణం కూడా ఇదే: అప్పటికి అండం నెలనెలా తప్పకుండా విడుదల కాదు, కాబట్టి పడిపోవడానికి ప్రొజెస్టిరానే పెరిగి ఉండదు.

అంటే ఈ నొప్పి రావడానికి హార్మోన్లు గాడి తప్పనక్కరలేదు. అందుకే వేలు పోసి హార్మోన్ పరీక్షల ప్యాకేజీ చేయించుకోవడం కన్నా, ఆ నోటుపుస్తకం పట్టుకొని స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరకు వెళ్లడమే మేలని నా గట్టి అభిప్రాయం.

చికిత్స గురించి చదివేటప్పుడు ఆ మందు హార్మోన్ నుంచి నొప్పి దాకా సాగే ఈ వరుసలో ఎక్కడ అడ్డుపడుతుందో చూడాలి. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ ఆమ్లం కాక్స్‌ను అడ్డుకుంటాయి. అందుకే నొప్పి ముదిరాక కాకుండా మొదలవుతుండగానే వేసుకుంటే బాగా పనిచేస్తాయి. గర్భనిరోధక మాత్రలు ఇంకా ముందే అడ్డుపడి, అండం విడుదలను ఆపి, పొరను పలచబరుస్తాయి. మెఫెనమిక్ ఆమ్లం వల్ల అరుదుగా తీవ్రమైన అలెర్జీ రావచ్చని మందుల భద్రతను గమనించే ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది. కడుపులో పుండు, ఆస్తమా, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ నొప్పి మాత్రలనూ, మైగ్రేన్ గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర గానీ ఉన్నవారు హార్మోన్ మాత్రలనూ డాక్టరును అడగకుండా వాడకూడదు.

పరిశోధనల కోసం పబ్‌మెడ్ అనే ఉచిత వైద్య వ్యాసాల వెతుకులాట సైటులో ప్రైమరీ డిస్మెనోరియా (వేరే జబ్బేదీ లేకుండా వచ్చే నెలసరి నొప్పి) అనే పేరుకు మందు పేరు జోడించి ఇంగ్లిషులో వెతకండి. ఒకే విషయం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సమీక్షలు దొరికితే ముందు అవే చదవండి. ఎంతమంది స్త్రీల మీద, దేనితో పోల్చి, ఎన్ని నెలసరుల పాటు చూశారన్నది చెప్పని వ్యాసాన్ని పక్కన పెట్టవచ్చు.

రక్తస్రావానికి రోజుల ముందే నొప్పి మొదలవుతున్నా, ఏటికేడు పెరుగుతున్నా, కలయికలోనో మలవిసర్జనలోనో బాధ ఉన్నా, మూడు నెలలు మందు వాడినా తగ్గకపోయినా వెతకవలసిన మాటలు ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), అడెనోమయోసిస్ (ఆ పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోవడం). అక్కడ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పాత్ర పెద్దది, డైనోజెస్ట్ వంటి హార్మోన్ మందుల గురించి చదవవలసి ఉంటుంది. స్కానింగ్ మామూలుగా వచ్చినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదని కాదు. "పెళ్లయితే అదే తగ్గిపోతుంది" అని ఎవరైనా పంపించేస్తే, నోటుపుస్తకంలోని ఆ గంటలు చూపించి, ఎండోమెట్రియోసిస్ కాదని ఎలా తేల్చారో అడగండి.