కారు డోర్ లైటుకు కొత్త లెన్స్ మనమే పోసుకోవడం ఎలా?

కారు డోర్ తీయగానే కింది అంచులో వెలిగే చిన్న లైటును చాలామంది పట్టించుకోరు. కాలు పెట్టే చోట వెలుతురు ఇవ్వడం దాని పని. చాలా కార్లలో దానికి ఎర్ర భాగం కూడా ఉంటుంది. రాత్రిపూట రోడ్డు పక్కన డోర్ తీస్తే వెనక వచ్చే బండికి అది కనబడాలి. కాళ్లు తగిలి, ఎండకు పెళుసెక్కి ఆ లైటు మీది ప్లాస్టిక్ మూత, అంటే లెన్స్, పగిలిపోతుంది. పాత మోడళ్లకు స్పేర్ దొరకడం కష్టం. ముందు ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లలో అడగండి. దొరక్కపోతే బాగున్న లెన్స్‌తో సిలికాన్ రబ్బరు అచ్చు తీసి, పోశాక గట్టిపడే పారదర్శక ద్రవం క్లియర్ రెసిన్‌తో కొత్తది పోసుకోవచ్చు.

స్క్రూడ్రైవర్ మొనకు టేపు చుట్టి, బాగున్న డోర్ నుంచి లెన్స్‌ను మెల్లగా ఊడదీయండి. దాన్ని పగిలిన వైపు పెట్టి చూడండి. కొన్ని కార్లలో కుడి, ఎడమ లెన్స్‌లు అద్దంలో బొమ్మల్లా తిరగబడి ఉంటాయి. అలాంటప్పుడు అదే వైపున్న వెనక డోర్ లెన్స్ సరిపోతుందేమో చూడాలి.

అసలు పని ఇక్కడే ఉంది. సిలికాన్ వేలిముద్రను కూడా వదలకుండా పట్టేస్తుంది. లెన్స్ మీద ఉన్న ప్రతి గీతా కొత్తదానిలోకి వస్తుంది. అందుకే బయటి వైపును 800, 1500, 2000 నంబర్ వాటర్ పేపర్లతో వరసగా తడిగా రుద్ది, పాలిష్ పెట్టండి. లోపలి గరుకు గళ్లను మాత్రం ముట్టుకోవద్దు, వెలుతురును పరిచేవి అవే. సబ్బునీళ్లతోనే కడగండి. థిన్నర్, స్పిరిట్ తగిలితే అక్రిలిక్ మీద సన్నని పగుళ్లు వస్తాయి.

ఒక చిన్న డబ్బాలో క్లే పరిచి, లెన్స్ బయటి ముఖం పైకి ఉండేలా అంచు వరకూ పాతండి. లోపలి బోలు కూడా క్లేతో నిండాలి. ప్లాటినం రకం సిలికాన్ అయితే క్లేలో గంధకం ఉండకూడదు, చేతికి లేటెక్స్ గ్లౌజులూ వద్దు. రెండింటిలో ఏది తగిలినా అది గట్టిపడదు. పెన్ను క్యాప్‌తో క్లే మీద నాలుగు గుంటలు నొక్కితే అచ్చు రెండు ముక్కలూ తర్వాత ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. ఎంత సిలికాన్ కావాలో తెలియాలంటే డబ్బాలో బియ్యం పోసి, తీసి కొలవండి. సిలికాన్‌ను ఒక మూల నుంచి సన్నని ధారగా పోయాలి.

గట్టిపడ్డాక తిరగేసి క్లే తీసేయండి, లెన్స్ మాత్రం అచ్చులోనే ఉండాలి. పైకి కనబడే సిలికాన్‌కు పల్చగా వాజలీన్ రాయండి, లేకపోతే రెండు భాగాలూ అతుక్కుపోతాయి. లెన్స్ అంచుకు తగిలేలా రెండు స్ట్రాలు నిలబెట్టి, రెండో భాగం పోయండి. ఒకటి రెసిన్ పోసే దారి, రెండోది గాలి పోయే దారి.

రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ పాళ్లు డబ్బా మీద రాసినట్టే త్రాసుతో తూచాలి, కంటి అంచనా పనికిరాదు. సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో పెడితే రెసిన్ పల్చబడి బుడగలు తగ్గుతాయి. నిదానంగా కలిపి, ఇంకో కప్పులోకి వంచి మళ్లీ కలపండి. కప్పు గోడలకు అంటిన కలవని రెసిన్ వల్లే లెన్స్ మీద జిగట మరకలు మిగులుతాయి. నైట్రైల్ గ్లౌజులు వేసుకుని, కిటికీలు తెరిచి చేయండి. లెన్స్ తీసేసిన అచ్చును జోడించి, రబ్బర్ బ్యాండ్లు వేసి పోయండి. కనీసం 24 గంటలు కదపొద్దు.

ఎరుపు భాగానికి పారదర్శకంగా ఉండే గ్లాస్ పెయింట్‌ను లోపలి వైపు వేస్తే చాలు. అందం కోసం ఎరుపును నీలం చేయకండి, వెనకవాడికి హెచ్చరిక అదే.

చాలా ఎపాక్సీ రెసిన్లు 50, 60 డిగ్రీల వేడికే మెత్తబడతాయి. పాత 5 వాట్ల బల్బు వెలుగుతూ ఉండిపోతే లెన్స్ వంగిపోతుంది. ఎల్‌ఈడీ పెట్టండి, వెలగకపోతే తిప్పి పెట్టి చూడండి.

లెన్స్‌ను పట్టి ఉంచే క్లిప్పులు రెసిన్‌తో పోసినవైతే ఇట్టే విరుగుతాయి. వాటి మీద ఆధారపడకుండా రెండు చుక్కల న్యూట్రల్ సిలికాన్ సీలెంట్‌తో అతికించండి. వెనిగర్ వాసన వచ్చే రకం హోల్డర్ టెర్మినల్స్‌ను తుప్పు పట్టిస్తుంది. అతికించే ముందే లెన్స్‌ను వట్టిగా పెట్టి, డోర్ మెల్లగా మూసి అంచు ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. సీలెంట్ ఆరేదాకా ఆ డోర్ గట్టిగా వేయొద్దు.