ఇన్‌బాక్స్ టెన్షన్ తగ్గాలంటే ముందు అక్కర్లేని మెయిల్స్ రాకుండా ఆపండి

జీమెయిల్‌లో చదవని మెయిల్స్ వేలకొద్దీ పేరుకుపోయాయా? ఒక్కొక్కటే డిలీట్ చేస్తూ కూర్చోకండి. కుళాయి కట్టకుండా నీళ్ళు తోడినట్టే అవుతుంది. ముందు అవి వచ్చే దారి మూయాలి.

పైన సెర్చ్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ (Unsubscribe, అంటే ఇక పంపొద్దని చెప్పడం) అని ఇంగ్లీషులో టైప్ చేయండి. షాపింగ్ ఆఫర్లు, లోన్ ప్రకటనలు, ఉద్యోగాల అలర్టులు చాలావరకు ఒకేచోట బయటపడతాయి. అలాంటి మెయిల్ తెరిస్తే, చాలాసార్లు పంపినవాళ్ళ పేరు దగ్గరే జీమెయిల్ అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ చూపిస్తుంది. అది నొక్కండి. రోజుకు ఐదారు చొప్పున వదిలించుకున్నా కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఎవరు పంపారో తెలియని మెయిల్ అయితే మాత్రం లోపలున్న లింకు నొక్కొద్దు. మీ అడ్రస్ వాడుకలో ఉందని వాళ్ళకి మనమే చెప్పినట్టవుతుంది. దాన్ని స్పామ్‌గా రిపోర్ట్ చేస్తే సరి.

బ్యాంకు స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లులు, రైలు టికెట్ల జోలికి వెళ్ళకండి. వాటికో లేబుల్ (ఫోల్డర్ లాంటిది) పెట్టి, ఫిల్టర్‌తో, అంటే మెయిల్స్‌ని వాటంతటవే సర్దే ఏర్పాటుతో, నేరుగా అందులోకే వెళ్ళేలా చేసుకోండి.

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ ప్రశాంతతనిచ్చేది నోటిఫికేషన్లు తగ్గించడమే. ఫోన్‌లో జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌కి వెళ్ళి, నోటిఫికేషన్లలో 'హై ప్రయారిటీ ఓన్లీ' (ముఖ్యమైనవాటికి మాత్రమే) ఎంచుకోండి. ఇక అన్నం తినేటప్పుడు ప్రతి డిస్కౌంట్‌కీ ఫోన్ మోగదు.

పాతవి తీసేయడానికి భయపడకండి. డిలీట్ చేసినవి 30 రోజులు ట్రాష్‌లోనే ఉంటాయి, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు.